పాలమూరి దారిలో కృష్ణకమలము

నల్లగొండ, పాలమూరు సీమలలో ఒక పువ్వునకు నాలుగు పేర్లు కలవు. పెద్దలు కృష్ణకమలమందురు. కొందఱు కౌరవపాండవుల పువ్వందురు. బడిపిల్లలకది రాఖీపువ్వు. మొక్కలమ్మువారికి ప్యాషన్ ఫ్లవరు. కమలమని పేరేగాని దానికిని కొలనికిని ఏ సంబంధమును లేదు. నులితీగెలతో గోడలను, పందిళ్లను పట్టుకొని ప్రాకు లత యది. సోదరీమణులలో ననేకులు దీనిని చూచియే యుందురు. చూడనివారి కొఱకు ముందుగా పువ్వును గూర్చి కొంచెము చెప్పి, పిదప ఈ మొక్కను కొనుటలోను పెంచుటలోను మాకు తెలిసిన సంగతులను, ఒక కొమ్మకై మేము చేసిన ప్రయాణమును వ్రాయుచున్నాము.

పువ్వు అరచేతి వెడల్పున విచ్చును. అడుగున పది రేకులు పఱచుకొని యుండును. వానిలో ఐదు నిజమైన రేకులు, ఐదు మొగ్గను కప్పియుండిన రక్షక పత్రములు; కాని రెండును ఒక్కరీతిగనే కనబడును. వానిపై నూలుపోగులవంటి సన్నని పోగులు చక్రాకారముగా నిలిచి యుండును. వానికి ఊదారంగు, తెలుపు, నీలము చారలుచారలుగా దిద్దినట్లుండును. నడుమ ఒక చిన్న స్తంభము, దానిపై ఐదు పుప్పొడి తిత్తులు, ఒక పచ్చని గుండు, ఆ గుండుపై మూడు కొమ్ములు. పోగులు నూర్గురు కౌరవులనియు, తిత్తులు పంచపాండవులనియు, మూడు కొమ్ములు త్రిమూర్తులనియు మనవారు చెప్పుదురు. నడిమి పచ్చని గుండు ద్రౌపది యని కొందఱు, శ్రీకృష్ణుడని కొందఱు. మా పిల్లలు ఒక ఆదివారము నాడు రెండు పువ్వులు ముందిడుకొని పోగులు లెక్కించిరి. ఒక పువ్వు లెక్క మఱియొక దానితో కుదరలేదు. నూటికొకటి మించినచో దుస్సలయనియు, రెండు మించినచో యుయుత్సుడనియు సరిపెట్టితిమి. అంతకంటె మించినవారిని సైంధవునివంటి చుట్టములలో చేర్చవలసి వచ్చెను.

చిన్ననాట మా తండ్రిగారు మాచేత భారత భాగవతములను ఇంటియందే చదివించిరి. కావున చెప్పగలము, ఈ పువ్వును కవిత్రయము భారతమునందు గాని పోతనగారి భాగవతమునందు గాని వెదకుట వ్యర్థము. వారెవ్వరును దీనిని చూచియుండలేదు. ఇది అమెరికా ఖండముల మొక్క. స్పెయిను దేశపు మతబోధకులు దక్షిణ అమెరికాలో దీనిని చూచి తమ మతకథను దీనియందు చదువుకొనిరి. పోగుల వలయము క్రీస్తు తలపై నుంచిన ముండ్లకిరీటము. ఐదు తిత్తులు ఆయన యైదు గాయములు. మూడు కొమ్ములు మూడు మేకులు. నులితీగెలు కొరడాలు. పది రేకులు పదిమంది శిష్యులు. పన్నిద్దఱిలో ద్రోహము చేసినవానిని, ఎఱుగనని బొంకినవానిని తీసివేసిరి. ప్యాషన్ అను మాటకు ఇచ్చట మోహమని యర్థము కాదు. మన క్రైస్తవ సోదరీమణులు ‘శ్రమలు’ అను నదియే. 1753లో లిన్నేయసు అను స్వీడను దేశపు పండితుడు చెట్టుచేమలకు శాస్త్రనామములు కూర్చునపుడు ఆ యర్థమునే నిలిపి దీని కులమునకు ప్యాసిఫ్లోరా యని పేరుంచెను. ఈ కులమున ఐదువందలకు పైగా జాతులు కలవు. జపానువారు మాత్రము మతము జోలికి పోక దీనిని గడియారపు మొక్క యందురు. ముండ్లు, అంకెల చక్రము చూచిన కన్నులకు అదియును నిజమే.

ఈ కులమునకు చెందిన యొక పేదచుట్టము మన చేల గట్లమీద నెప్పుడో వచ్చి చేరినది. దానిని తెల్లజుమికి యందురు. నల్లగొండ పొలిమేర దాటగానే ముండ్లకంపలమీద, రైలుకట్ట ప్రక్కల, పాడుబడిన బావుల యొడ్డున అది దట్టముగా నల్లుకొని యుండును. ఆకు నలిపిన దుర్గంధము. పువ్వు చిన్నది, లేత తెలుపు, వంగపండు ఛాయ. కాయను జాలరివలవంటి పచ్చని నూగు చుట్టుకొని యుండును. ఆ నూగునందలి జిగురునకు చిన్న పురుగులు అంటుకొని చచ్చును. పశువుల కాపరి పిల్లలు పండిన పండును ఏరుకొని తినుట మేమెఱుగుదుము; పచ్చికాయ మాత్రము తినరాదు, దానియందు విషమున్నది. ఆకులందును అంతే. దీనిని కలుపుమొక్క యని పెఱికివేయువారితో మాకు తగవు లేదు గాని, దీని పువ్వును ఒక్కమాఱు వంగి చూడుడు. పెద్దదానికి ఉన్నవన్నియు, ఆ పోగులు, ఆ తిత్తులు, ఆ మూడు కొమ్ములు, దీనికిని కలవు.

ఇక కొనుగోలు మాట. మా పట్టణపు నర్సరీలకు వచ్చు పూలమొక్కలలో పెక్కు గోదావరి జిల్లాలోని కడియము తోటలనుండి లారీలలో వచ్చును. అచ్చటి నల్లని ఒండ్రుమన్ను ముద్దతో, నల్లని సంచులలో, నిండుగా పూచి వచ్చును. ఇచ్చటి యెండకు మూడునాళ్లలో ఆకు రాల్చును. కొన్నవారు తమ చేయి మంచిది కాదని విచారింతురు. చేయి మాట కాదది, మన్ను మాఱుట, గాలి మాఱుట. అందుచేత పూచిన మొక్కను కాక, కొత్తచిగురు వేయుచున్న పొట్టి మొక్కను ఎన్నుకొనుట మేలు. సంచి యడుగున వేళ్లు చుట్టలు చుట్టుకొని యున్నదేమో చూడవలెను. వేళ్లకు జొన్నగింజలవంటి బుడిపెలున్నచో ఆ మొక్కను ఊరక యిచ్చినను తేరాదు. అవి నులిపురుగుల గుర్తు, ఇంటిమన్ను నంతను పాడుచేయును.

అంతకంటె ముఖ్యమైనది పేరు. ప్యాషన్ ఫ్లవరు వేఱు, ప్యాషన్ ఫ్రూటు వేఱు అని అమ్మువారికే తఱచు తెలియదు. రెండవది పండ్లతీగ. దానికిని పువ్వు చక్కనిదే, తెలుపుపై ఊదా. కాని కొనువారు నిండు నీలముకొఱకు పోయి దానిని తెచ్చుకొని చిన్నబోవుదురు. మా వీధిలో నొకరికి అట్లే జరిగినది. నూటయేబది రూకలిచ్చి, కృష్ణకమలమని రెండేండ్లు పెంచిన పిమ్మట పండ్లు కాచినవి. ఆకు చూచి పోల్చవచ్చును. పండ్లతీగ యాకు మూడు చీలికలుగా నుండి, అంచున సన్నని రంపపు పండ్లు కలిగి మెఱయుచుండును. నీలిపూల జాతి యాకు ఐదు వ్రేళ్లుగా చీలి, అంచు నున్నగా నుండును. ద్రాక్షాకువంటి యాకుతో ఎఱ్ఱని పువ్వు పూచు జాతియును ఒకటి కలదు, కాని మా యెండలకు అది అంతగా నోర్చుకొనదు.

పండ్లతీగ కావలెననియే తెచ్చుకొనువారికొక మాట. ఊదాపండు జాతి పువ్వు తెల్లవాఱుజామున విచ్చి మధ్యాహ్నమునకు ముందే ముడుచుకొనును. పసుపుపండు జాతి పువ్వు మధ్యాహ్నము విచ్చి రాత్రి ముడుచుకొనును. పసుపుపండుదానికి తన పుప్పొడి తనకు పనికిరాదు; రెండు వేఱువేఱు తీగెలుండవలెను. ఎండుకొయ్యను తొలుచు పెద్ద నల్లతుమ్మెద దీనికి పెండ్లిపెద్ద. అది తేనెకై పోగుల క్రిందికి తల దూర్చగా తిత్తులందలి పుప్పొడి దాని వీపున నంటును. పువ్వు విచ్చినపుడు నిక్కి యుండిన మూడు కొమ్ములును కొంతసేపటికి మెల్లగా క్రిందికి వంగి, సరిగా తుమ్మెద వీపు తగులు ఎత్తునకు వచ్చి నిలుచును. మేము ఒక మధ్యాహ్నము వంటపని ముగించుకొని ముక్కాలిపీట వేసికొని కూర్చుండి దీనిని చూచితిమి. కొడగు సీమలోని చెట్టళ్లి తోటశాస్త్ర కేంద్రమువారు ఊదా, పసుపు జాతులను కలిపి ‘కావేరి’ యను రకమును పుట్టించిరి. కాని పండ్లకై దీనిని పెంచుట చల్లని కొండసీమలవారికి చెల్లును. బత్తాయి, నిమ్మ పండు నల్లగొండలో ఆ ప్రయాస యెందుకని మా యభిప్రాయము.

మా యింట ఈ తీగకు ఎదురైన పెద్ద చిక్కు పురుగును కాదు, యెండయును కాదు, నీరు. మా అత్తగారిది మునుగోడు వైపు పల్లె. ఆ ప్రాంతపు నల్లరాతి పొరలనుండి భూగర్భజలములలోనికి ఫ్లోరైడు దిగును. లీటరుకు ఒకటిన్నర మిల్లిగ్రాములకు మించినచో త్రాగదగదు. అచ్చటి బావులలో అంతకు మిక్కిలిగా నుండెను. ఆ నీటితో పండ్లు గారపట్టుట, మోకాళ్లు వంగకపోవుట, పసివారి కాళ్లు దొడ్డివంకరలు పోవుట ఆ తరమువారు ఇంటింట చూచిరి. పటిక, సున్నము, బ్లీచింగు పొడి కలిపి నీటినుండి ఫ్లోరైడును తీయు పద్ధతిని 1970ల దశకమున నాగపురపు నీరీ సంస్థవారు కూర్చిరి. దానికి లోకమంతట ‘నల్లగొండ పద్ధతి’ యని పేరు. మన జిల్లా పేరు దేశాంతరముల పుస్తకములకెక్కినది ఆ దుఃఖము వలననే. 2015 జూను నెలలో చౌటుప్పలున మిషన్ భగీరథ పైలాను వేసిరి. తరువాత కృష్ణానది నీరు గొట్టములలో పల్లెలకు వచ్చినది. మా అత్తగారు నేటికిని కుళాయి నీటిని రాగిబిందెతో పట్టి, మూతపెట్టి, దేవుని గదిలో నుంచినంత జాగ్రత్తగా నుంతురు.

అట్టి యామె ముందర, కాయని పండని పూలతీగకు రోజునకు రెండు చెంబుల నీరు పోయుట యెట్లు? తీగ తెచ్చిన నాడే ఆమె యనిరి, “పువ్వు మంచిగనే ఉంటది బిడ్డా. గని గీ నీళ్ల కోసం మేము ఆమడ దూరం నడిచినం. మంచినీళ్లు దానికి పొయ్యొద్దు.” మేము సరేయంటిమి. ఆ మాటలో తప్పేమున్నది? నాటినుండి బియ్యము కడిగిన నీరు, కూరగాయలు కడిగిన నీరు ఒక తొట్టిలో చేర్చి సాయంకాలము దీనికి పోయుచున్నాము. సబ్బునీరు పోయరాదు. బోరునీరు పోసి చూచినవారి తీగెలకు ఆకు పసుపెక్కి, ఈనెలు మాత్రము పచ్చగా మిగులును; ఆ నీటి ఉప్పు, సున్నము దీనికి గిట్టదు. కడుగునీటితో మా తీగ బాగుగనే యున్నది. మొదటి పువ్వు పూచిననాడు అత్తగారు తామే కోసి సత్యనారాయణస్వామి పటమునకు పెట్టిరి. నీటి నియమము మాత్రము నాటికిని నేటికిని మాఱలేదు.

ఇంతకును మా యింటి తీగ నర్సరీది కాదు. దానికొఱకు మేము పాలమూరు పోయితిమి.

మా పెద్దమ్మ యూరు జడ్చర్ల చేరువనున్న పల్లె. పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతల పథకమునకు 2015 జూను 11వ తేదీన కరివెన వద్ద శంకుస్థాపన జరిగినది. శ్రీశైలము జలాశయమునుండి కృష్ణనీటిని అంచెలంచెలుగా నెత్తి, నార్లాపూరు, ఏదుల, వట్టెము, కరివెన, ఉదండాపూరు జలాశయముల నింపుట దాని సంకల్పము. 2023 సెప్టెంబరులో నార్లాపూరున మొదటి పంపును నడిపిరి. ఉదండాపూరు జలాశయపు ముంపులో పోవు పల్లెలలో మా పెద్దమ్మ యూరును ఒకటి. పల్లె పేరు ఇచ్చట వ్రాయము. ఆమెకు తన పేరు పత్రికలో పడుట ఇష్టము లేదు. శ్రావణమాసమున ఫోను చేసి, “గోడ మీది తీగె కొమ్మలు కావాలంటివి గద, వచ్చే యేడు దాక గీ గోడ ఉంటదో ఉండదో, వచ్చి కోసుకపో” అనెను. మా వారికి బడికి రెండు నాళ్లు సెలవు దొరకినది. బయలుదేరితిమి.

నల్లగొండనుండి కొండమల్లేపల్లి, కల్వకుర్తి మీదుగా జడ్చర్లకు దారి. రెండు బస్సులు మాఱవలెను. ఎవరికైనను ఈ దారిని శ్రావణముననే చూడుమని చెప్పుదుము. ఎండకాలమున నిది బూడిదరంగు. రాళ్లు, తుమ్మలు, దుమ్ము. ఒక్క రెండు వానలు పడినచో ఎఱ్ఱచెలకలు కుంకుమ చల్లినట్లగును, ప్రత్తిచేలు వరుసలు తీరును. బండరాళ్లు ఒకదానిపై నొకటి, ఎవరో పేర్చి మఱచిపోయినట్లు, నిలిచియుండును. దేవరకొండ ప్రక్కన కొండల వరుస కనబడినపుడు మా వారు రేచర్ల పద్మనాయకుల కోటను గూర్చి మొదలిడిరి. బడిపంతులుతో ప్రయాణము చేయువారికిది తప్పదు. కల్వకుర్తి దాటినపిమ్మట గట్లపై సీతాఫలపు పొదలు మిక్కుటమాయెను. పాలమూరు సీతాఫలము ప్రసిద్ధము; బాలానగరు పేరిట ఒక రకమే కలదు. అదియును అమెరికానుండి వచ్చినదే. వచ్చిన యతిథి పండునకు సీతమ్మ పేరును, పువ్వునకు కృష్ణుని పేరును పెట్టి మనవారు ఇంటిదానినిగా చేసికొనిరి. ఈ విషయమున మనవారిని మెచ్చుకొనవలెను.

పెద్దమ్మ పల్లెలో సగము ఇండ్లకు తాళములు. కొన్ని యిండ్లకు తలుపులు, కిటికీలు, దూలములు ఊడదీసికొని పోయిరి. దూరమున జలాశయపు కట్ట కొండవలె లేచియున్నది. నీరు మాత్రము రాలేదు. పాలమూరునుండి కూలికై బొంబాయి, పూనా పోవు బస్సులను మా చిన్ననాటినుండి చూచితిమి. ఆ సీమకు నీరు రావలెనని కోరనివారెవరు? పెద్దమ్మయును కోరినదే. ఆమె చేను సగము ఇదివఱకే పోయినది. “నీళ్లొస్తె పది ఊళ్లు బతుకుతయి. గని మా ఊరే ఎందుకు రావాలె నీళ్ల కింద?” అని యొక్కమాఱు అనెను. మఱల ఆ మాట యెత్తలేదు.

తీగ ప్రహరీగోడ మీద ఉత్తరపు కొసనుండి దక్షిణపు కొస వఱకు నల్లుకొని, అచ్చటినుండి గేటు కమానుమీది కెక్కియున్నది. మేము పోయిన యుదయమున నలుబదికి తక్కువ కాకుండ పువ్వులు విచ్చియున్నవి. క్రింద నడుచువారికి తుమ్మెదల రొద వినబడుచుండెను. ముప్పది యేండ్ల క్రిందట ఒక మిషను ఆసుపత్రిలో నర్సుగా నుండిన స్నేహితురాలు పెద్దమ్మకు దీని కొమ్మ నిచ్చినది. ఈ తీగెలు పదికాలములు బ్రతుకునవి కావు. కొన్ని యేండ్లకు ముదిరి క్షీణించును. కావున పెద్దమ్మ మూడు నాలుగేండ్లకొకమాఱు దాని కొమ్మనే మఱల నాటుచు వచ్చినది. మొదటి తీగ ఎన్నడో పోయినది, అయినను అదే తీగ. ఆ నర్సమ్మ పెద్దమ్మకు ఐదు గాయముల కథ చెప్పినదట. పెద్దమ్మ ఆమెకు పంచపాండవుల కథ చెప్పినది. “ఇద్దరం గలిసి ఒక్క పువ్వునే చూసినం, ఎవ్వరి కథ వాళ్లకున్నది” అని పెద్దమ్మ నవ్వెను. ఆ నర్సమ్మ పోయి ఐదేండ్లాయెను.

ఇల్లు, చెట్లు లెక్కించుటకు అధికారులు వచ్చిననాటి సంగతియును చెప్పినది. “యాపచెట్టుకు రాసుకున్నరు, జామచెట్టుకు రాసుకున్నరు, కొబ్బరిచెట్టుకు రాసుకున్నరు. తీగెకు కాగితంల గడి లేదన్నరు. నేను అడగలే, ఆ పిలగాడే సూసి, ఇదేంది అవ్వా ఇంత బాగున్నది అని అడిగిండు. రెండు పువ్వులు తెంపి ఇచ్చిన.” ఆమె కంఠమున ఫిర్యాదు లేదు. పిమ్మట కత్తి తెచ్చి మాచేతికిచ్చి తాను లోనికి పోయినది. కోయుచున్నంతసేపు బయటికి రాలేదు.

కొమ్మలు కోయు విధము. పెన్సిలు లావున, మరీ లేతయు మరీ ముదురును కాని కొమ్మను, మూడు నాలుగు కణుపులుండునట్లు, కణుపు క్రింద ఏటవాలుగా కోయవలెను. అడుగు కణుపుల ఆకులు తీసివేసి, పై యాకులు సగమునకు కత్తిరించవలెను. లేనిచో వేరు లేని కొమ్మ ఆకుల దాహము తీర్చలేక వాడును. నులితీగెలు, మొగ్గలు అన్నియు తీసివేయవలెను. మేము పదునాఱు కొమ్మలు కోసి, తడిబట్టలో చుట్టి, పైన తడిగోనె చుట్టి, బస్సులో ఒడినుంచుకొని వచ్చితిమి. మఱునాడే ఇసుక, మాగిన పేడయెరువు సమపాళ్లలో కలిపిన చిన్న సంచులలో రెండు కణుపులు మన్నులోనికి పోవునట్లు గ్రుచ్చి, జామచెట్టు నీడన నుంచితిమి. తడి ఆరకూడదు, నీరు నిలువకూడదు. ఇరువది దినములకు కొన్ని చిగురించినవి. చిగురు చూచి తొందరపడి పెఱికి చూడరాదు. చిగురు ముందు వచ్చును, వేరు తరువాత వచ్చును. నెలన్నరకు పదునాఱింట పదునొకండు నిలిచినవి. గింజలతోను పెంచవచ్చును గాని, పాతగింజ మొలచుటకు నెలలు పట్టును, పూయుటకు మఱింత కాలము.

నాటుటకు మన ఎఱ్ఱచెలక మంచిది, నీరు నిలువదు. నల్లరేగడి యున్నవారు మట్టి ఎత్తుచేసి దిబ్బపై నాటవలెను, లేనిచో వానకాలమున వేరు కుళ్లును. మేము ఒకటిన్నర అడుగు గుంట త్రవ్వి, ఎఱ్ఱమన్నులో మూడవవంతు చెఱువు పూడికమన్ను, మూడవవంతు పేడయెరువు కలిపితిమి. పేడ అంతకంటె మించినచో ఆకు దట్టమగును, పువ్వు రాదు. తూర్పుగోడ శ్రేష్ఠము, ఉదయపు టెండ కావలెను, కాని నల్లగొండ వైశాఖమున 44, 45 డిగ్రీల పడమటి యెండకు ఈ తీగ కమిలిపోవును. ఆ రెండు నెలలు పాతచీర యడ్డము కట్టుదుము. కుండీలో పెంచువారు ఒకటిన్నర అడుగు వెడల్పున్నదానిని తీసికొనవలెను. పువ్వు కొత్తచిగురు మీదనే వచ్చును గనుక మాఘమాసమున ముదురు తీగెలను కొంత కత్తిరించుట మంచిది. కత్తిరించుటకు చేయి రానివారి యింట తీగ పైకిపైకి పోయి, పువ్వులన్నియు ప్రక్కింటి మేడకు దక్కును.

ఒక పువ్వు ఒక్క దినమే యుండును. కోసి కొప్పున పెట్టుకొనుటకు గాని మాల కట్టుటకు గాని పనికిరాదు. బతుకమ్మలో పేర్చుటకును అంతే; తంగేడు, గునుగు ఓర్చుకొన్నట్లు ఇది ఓర్చుకొనదు, సాయంకాలమునకు ముడుచుకొనిపోవును. నీటిపళ్లెములో తేలవేసినచో చీకటిపడువఱకు కన్నుల పండువుగా నుండును. ఈ కులపు తీగ యొకదాని సారమును పశ్చిమదేశములవారు నిద్రకై వాడుదురని విని పెరటి యాకులతో కషాయము కాచుకొనరాదు. జాతులు వేఱు, గుణములు వేఱు. గర్భిణులు అసలే ముట్టరాదు.

పురుగుల సంగతి. భాద్రపదమున ఎఱ్ఱనిదో గోధుమవర్ణపుదో, ఒడలెల్ల ముండ్లుగల గొంగళిపురుగులు గుంపుగా వచ్చి ఆకులను ఈనెలు మిగిలించి తినును. చూచుటకు భయము గొల్పును గాని ఆ ముండ్లు కుట్టవు. అవి నారింజరంగు ఱెక్కలపై నల్లచుక్కలు గల, మెల్లగా, సోమరిగా ఎగురు సీతాకోకచిలుక పిల్లలు. చేలగట్టున రత్నపురుషయను చిన్నమొక్కమీదను, జుమికి తీగమీదను అవి పెరుగును. మందు చల్లవలెనని మేమంటిమి. మా అమ్మాయి మూడునాళ్లు అన్నము సరిగా తినలేదు. తుదకు ఒప్పందమైనది, గోడ వెనుక దానంతట మొలచిన జుమికిని పెఱుకుట మాని దానికి వదలితిమి. అమ్మాయి ప్రతి యుదయమున పురుగులను ఆకుతో సహా తీసి అచ్చటికి చేర్చును. తీగకు ఆ యేడు సగమాకు పోయినది, కార్తికమునకు మఱల చిగిర్చినది.

నిలిచిన పదునొకండు మొక్కలలో ఒకటి మా గోడకు నాటితిమి. ఏడు మా వారి బడి పిల్లల యిండ్లకు పోయినవి. ఒకటి ప్రక్కింటి చెల్లెలికిచ్చితిమి. రెండు పెద్దమ్మకొఱకు కుండీలలో నున్నవి. ఆమె జడ్చర్లలో కొడుకు తీసికొన్న అద్దెయింట నున్నది. కాలనీలో స్థలము చూపిరి, ఇల్లు లేవవలసి యున్నది. మొన్న ఫోనులో మొదట అడిగినది తీగనుగూర్చియే. “మొగ్గ తొడిగిందా? తొడిగితె ఇప్పుడు తేకు. గోడ లేచినంక తే. గోడ లేంది దేనికెక్కుతది?” అనెను. తీగెలు అంతవఱకు కుండీలలో ఊరకుండవు గదా. వానికి వెదురుపుల్లలు మూడేసి గ్రుచ్చి, పైన నూలుత్రాటితో ముడివైచి, వచ్చిన చిగురును వచ్చినట్లు ఆ పుల్లలకే చుట్టుచున్నాము.